మూడు నోళ్ళు కలిసిన మాట

అనకాపల్లిలో ఎవరికైనా శాలువా కప్పుతున్నారంటే ఆ వేదిక మీద ఫ్రేము కట్టిన సన్మాన పత్రం ఉంటుంది. పత్రం ఉందంటే దాని వెనకాల త్రినాధరావు ఉంటాడు. రిటైరయ్యే హెడ్మాస్టర్లు, బదిలీ మీద వెళ్ళిపోయే ఆఫీసర్లు, బెల్లం మార్కెట్ సంఘానికి కొత్తగా ఎన్నికైన పెద్దమనుషులు, కృష్ణుడి వేషం కట్టి కట్టి పళ్ళూడిపోయిన నాటకాల వాళ్ళు, అందరూ ఏదో ఒకరోజు ఆయన రాసింది వింటూ మొహమాటంగా తల వంచుకుని కూర్చున్నవాళ్ళే. ఊళ్ళో ఆయన్ని పత్రం మాస్టారు అంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. పదో తరగతితో చదువు చాలించి, నానాజీ గారి ప్రెస్సులో సీసం అక్షరాలు ఏరి పేర్చే కంపోజిటరుగా చేరాడు. పెళ్ళి శుభలేఖలూ ఎన్నికల కరపత్రాలూ పేర్చగా పేర్చగా భాష ఒంటపట్టింది.

పత్రం ఎలా రాయాలో కూడా నానాజీ గారే నేర్పారు. "పొగడ్తకి అడ్డేటి లేదురా, అపర భగీరథుడను, అభినవ కర్ణుడను, ఎవుడూ కాదనడు. జరిగిన సంగతి దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గరపెట్టుకుని రాయి," అనేవారు. అందుకని ఆయనొక పద్ధతి పెట్టారు. పత్రం రాసేముందు ముగ్గురిని అడగాలి. మొదట సన్మానం చేయించుకునే మనిషిని. తర్వాత ఆ ఇంట్లో మనిషిని, వీలైతే మొదటివాళ్ళు పక్కన లేనప్పుడు. మూడోది బయటి మనిషిని, ఆ ఇంటితో కొంచెం పడనివాడైతే మరీ మంచిది. మూడు నోళ్ళూ కలిసిన మాటే పత్రంలోకి ఎక్కుతుంది. కలవనిది ఎంత బాగున్నా వదిలెయ్యాలి.

త్రినాధరావు ఈ పద్ధతిని ఒక వ్రతంలా పట్టుకున్నాడు. కశింకోట వైపో మునగపాక వైపో సైకిలేసుకుని వెళ్ళి, వాళ్ళు పెట్టిన జంతికలు నములుతూ, అడిగిందే అటు తిప్పి ఇటు తిప్పి అడిగేవాడు. ఒక హెడ్మాస్టరు తాను బడికి బోరు వేయించానన్నాడు. ఆయన భార్య, నీళ్ళు పడలేదు కదండీ అంది. పక్క బడి మాస్టారేమో అసలు బోరే వెయ్యలేదన్నాడు. చివరికి పత్రంలో "విద్యార్థుల దాహం గురించి ఎంతగానో ఆలోచించిన సహృదయులు" అని పడింది. హెడ్మాస్టరు కూడా చప్పట్లు కొట్టాడు. త్రినాధరావు ఆ కథని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఆ గర్వం ఆయనకి ఉండేది, కాదనలేం.

ప్రెస్సు మూతపడింది. మెయిన్ రోడ్డులో లోహిత్ అనే అతను పెట్టిన ఫ్లెక్సీల దుకాణంలో త్రినాధరావుకి ఒక కుర్చీ దొరికింది. మోకాళ్ళు అరిగాయి, సైకిలు గోడకి చేరింది. రెండేళ్ళ కిందట లోహిత్ ఆయన ఫోన్లో ఏఐ అని ఒకటి వేసిపెట్టాడు. "పేరూ ఉద్యోగం చెప్పండి మాస్టారూ, సాలు, అదే రాసిపారేత్తాది," అన్నాడు. మొదటిసారి అది రాసింది చూసి త్రినాధరావుకి ఒళ్ళు మండింది, ఎందుకంటే బాగుంది. నలభై ఏళ్ళు పడి నేర్చుకున్న సమాసాలు అది ఆవులించేలోపు దొర్లించేసింది. వారం రోజులు దాని జోలికి పోలేదు. ఆ తర్వాత ఒక్క వాక్యం తీసుకున్నాడు. తర్వాత ఒక పేరా. ఆ తర్వాత మొత్తం అదే రాసేది, ఈయన పేర్లు సరిచూసి చదివేవాడు. ఎవరి గుమ్మమూ తొక్కడం లేదు, ఎవర్నీ అడగడం లేదు. ఒక్కరూ పసిగట్టలేదు సరికదా, ఈమధ్య మీ రాత మరింత పండింది మాస్టారూ అన్నారు. అలా అన్నప్పుడల్లా ఆయన నవ్వి ఊరుకున్నాడు. సిగ్గుపడాల్సింది అప్పుడే. పడలేదు.

ఈ వేసవిలో ధనశ్రీ అనే అమ్మాయి దుకాణానికి వచ్చింది. మాకవరపాలెం దగ్గర పల్లెలో చెరకు పండించే అప్పలరాజు కూతురు. నర్సింగు పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై ఏళ్ళపాటు కాన్పులు చేసిన ఏయన్నెమ్ దేముడమ్మ రిటైరై అనకాపల్లి గవరపాలెంలో ఉంటోందని, ఆవిడకి నర్సులందరూ కలిసి సన్మానం చేస్తున్నారని చెప్పింది.

"పెద్దమ్మతో ఓపాలి మాటాడండి మాస్టారూ. రేపు తీసుకెల్తాను. ఆవిడ గురించి సెప్పాల్సినవి సానా ఉన్నాయి."

"అక్కర్లేదమ్మా. ఏయన్నెమ్‌ల మీద ఎన్ని రాసేనో. నేను చూసుకుంటాను."

అమ్మాయి ఇంకా ఏదో చెప్పబోయింది. గుమ్మంలో ఒక నిమిషం ఆగింది కూడా. ఈయన అప్పటికే ఫోను తీశాడు.

ఫోను పత్రాన్ని చక్కగా అల్లింది. వానల్లో వాగులు దాటిన పాదాలట, లాంతరు వెలుగులో ఊపిరి పోసిన చేతులట. ఉత్తమ సేవకి జిల్లా పురస్కారం వచ్చిందట. మధ్యలో ఒక వాక్యం త్రినాధరావుని పట్టేసింది. "మూడు దశాబ్దాల సేవలో ఆ చేతుల్లో ఒక్క తల్లి ప్రాణమైనా పోలేదు." పైకి చదువుకున్నాడు. గొంతు దించి మళ్ళీ చదువుకున్నాడు. ఎక్కడ ఆగితే చప్పట్లు పడతాయో చూసుకున్నాడు.

కూతురు శ్రీదేవి విశాఖలో ఒక కంపెనీలో పనిచేస్తోంది. ఏఐ ఇచ్చే జవాబుల్లో తప్పులు పట్టడమే ఆ పిల్ల ఉద్యోగం. ఆ సాయంత్రం ఫోన్లో పత్రం చదివి వినిపిస్తే ఒక్కచోట ఆపింది.

"నాన్నా, ఒక్క తల్లి కూడా పోలేదని ఎవరు చెప్పేరు?"

"ఎవరేటి, తెలిసినవాళ్ళే చెప్పేరు."

"ముగ్గురూ?"

"ముగ్గురూనూ," అన్నాడు త్రినాధరావు. ఇంత సులువుగా అబద్ధం ఆడగలనని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

సన్మానం అనకాపల్లిలోనే, ఒక ఉద్యోగుల సంఘం హాల్లో జరిగింది. అద్దెకి తెచ్చిన సింహాసనంలాంటి కుర్చీలో దేముడమ్మ ఇమడలేక అంచు మీద కూర్చుంది. పొట్టి మనిషి, నల్లంచు తెల్లచీర, మెళ్ళో దండ, ఒళ్ళో చేతులు. ముందు వరసలో ధనశ్రీ ఉంది. దాని పక్కన అప్పలరాజు. త్రినాధరావు మైకు ముందు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. వాగుల దగ్గర చప్పట్లు పడ్డాయి. లాంతరు దగ్గర పడ్డాయి. ఒక్క తల్లి ప్రాణమైనా, అని అనుకున్నచోటే ఆగి, పోలేదు, అన్నాడు. హాలు మారుమోగింది. సభాధ్యక్షుడు ఉండబట్టలేక లేచి మైకులో దూరి, "ఒక్క తల్లి కూడా! వినండి, ఒక్క తల్లి కూడా!" అని మళ్ళీ చప్పట్లు కొట్టించాడు.

దేముడమ్మ కుర్చీలోంచి సగం లేచింది. మొహం పాలిపోయింది. భుజం మీది శాలువా జారి కింద పడితే ఎవరో తీసి మళ్ళీ కప్పారు. ముందు వరసలో ధనశ్రీ చప్పట్లు కొట్టడం లేదు. ఆ పిల్ల ఒళ్ళోకి చూపు దించుకుని కూర్చుంది. అప్పలరాజు లేచి నిలబడ్డాడు.

"ఆ మాట ఎవులు సెప్పేరు?"

గట్టిగా అరవలేదు. హాలే తనంతట తాను సద్దుమణిగింది.

"నా పెళ్ళాం తలుపులమ్మ ఈవిడ సేతిలోనే పోయింది. ఇదుగో, ఈ గుంట పుట్టిన రోజునే. దాన్ని మనిసి కిందే లెక్కెట్టలేదా? సెప్పండి మాస్టారూ, ఎవులు సెప్పేరీ మాట?"

త్రినాధరావు మైకు స్టాండు పట్టుకున్నాడు. నిజం రెండు మాటల్లో తేలిపోతుంది. ఎవరూ చెప్పలేదు, ఫోను రాసింది, అంటే చాలు. కానీ ఎదురుగా ఊళ్ళో సగం మంది ఉన్నారు. వాళ్ళందరి ఇళ్ళలోనూ గోడలకి తన పత్రాలు వేలాడుతున్నాయి. ఆ మాట అంటే రేపు ప్రతి ఇంట్లోనూ గోడ వైపు చూసి, ఇది కూడా ఫోను రాసిందేనా అంటారు. ఇవన్నీ ఆలోచించే టైము లేదు గానీ ఒళ్ళు దానంతటది ఆలోచించేసింది.

"నాకు ఇచ్చిన వివరాలే రాసేను బాబూ," అన్నాడు.

ఎవరిచ్చారో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. హాలంతా కుర్చీలో ఉన్న మనిషి వైపు తిరిగింది. దేముడమ్మ త్రినాధరావు వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉండి ఉంటే ఆయన బతికిపోయేవాడు. ఆవిడ ఈయన్ని పోల్చుకోవడానికి చూస్తున్నట్టు చూసింది, ఎప్పుడు వచ్చి అడిగావయ్యా అన్నట్టు. ఒక్క మాట అనలేదు. అప్పలరాజు కూతురి చెయ్యి పట్టుకుని లేపాడు. "ఇన్నాళ్ళూ మన గుమ్మంలో కూకుని ఏడిసింది నాటకమేనేటి? పద," అన్నాడు. ధనశ్రీ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

మిగతా సంగతి త్రినాధరావుకి హాల్లోనే, పక్కనున్న నర్సుల మాటల్లో తెలిసింది. భార్య పోయాక అప్పలరాజు దేముడమ్మని నానా మాటలూ అన్నాడట. ఏళ్ళ తరబడి గుమ్మం ఎక్కనివ్వలేదు. ఆవిడ మాత్రం టీకాల వంకతో, తూకం వంకతో వీధిలోనే నిలబడి పిల్లని చూసి వెళ్ళేది. పిల్ల పెద్దదై, తనే ఆవిడ చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తెచ్చింది. ఆవిణ్ని చూసే తనూ నర్సు అయింది. అప్పలరాజు ఆవిడ ఉన్న సభకి వచ్చి కూర్చోవడం ఇదే మొదటిసారి. తీసుకురావడానికి ధనశ్రీకి ఎన్నాళ్ళు పట్టిందో. త్రినాధరావు పత్రం దాన్ని ఒక్క వాక్యంతో తెంపేసింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆయనకే తెలియాలి. అన్నం సహించలేదు. రోడ్డు మీద ఎవరైనా నమస్కారం పెడితే భుజం మీద ఎవరో చరిచినట్టు ఉలిక్కిపడేవాడు. అన్నిటికంటే కష్టమైనది ఏమిటంటే, జనం ఇంకా మెచ్చుకుంటూనే ఉన్నారు. "ఆవిడ అలా గొప్పలు సెప్పి రాయించుకుంటే మీరేం సేత్తారు మాస్టారూ, రాత మాత్రం అదుర్స్," అన్నాడు టీకొట్టు దగ్గర ఒకాయన. త్రినాధరావు టీ గ్లాసు అలాగే వదిలేసి ఇంటికొచ్చాడు.

ఆదివారం శ్రీదేవి వచ్చింది. అప్పటికే ఆ పిల్లకి సంగతి తెలిసినట్టుంది. అడగలేదు. అడగకపోవడం ఆయన్ని మరింత కోసింది.

"నేను ముగ్గురిని అడగలేదే," అన్నాడు తనే. "ఒక్కర్నీ అడగలేదు. నీకూ అబద్ధమే చెప్పేను. అందరి ముందూ ఆ మహాతల్లి మీదకి తోసేసేను."

శ్రీదేవి దగ్గరికి జరిగి కూర్చుంది. తర్వాత ఆయన ఫోను తీసుకుంది.

"అప్పుడు దీనికి ఏం చెప్పేవో అదే ఇప్పుడు కొత్తగా అడుగు. పాతది దానికి కనపడకూడదు. అడిగిందే అడుగు, మళ్ళీ మళ్ళీ."

అడిగాడు. దేముడమ్మ, ఏయన్నెమ్, మాకవరపాలెం ప్రాంతం, ముప్పై ఏళ్ళు. ఫోను పత్రం రాసింది. ఈసారి జిల్లా పురస్కారం రాష్ట్ర పురస్కారం అయింది. మళ్ళీ అడిగితే పురస్కారం ఊసే లేదు, తుఫానులో పూడిమడక జాలర్లకి చేసిన సేవ వచ్చింది. ఇంకోసారి అడిగితే తుఫాను పోయి కలరా వచ్చింది. పేరూ ఊరూ ఉద్యోగం మాత్రం ప్రతిసారీ అలాగే నిలబడ్డాయి. తను చెప్పినవి నిలిచాయి. అది కల్పించినవి అడిగిన ప్రతిసారీ వేషం మార్చాయి.

"దీన్ని మేం హాలూసినేషన్ అంటాం నాన్నా. దానికి తెలిసిందీ కల్పించిందీ ఒకే గొంతుతో చెప్తాది, తడబాటు ఉండదు. అందుకే వింటే తెలీదు. దాన్ని పట్టుకోడానికి కంపెనీల్లో పెద్ద పెద్ద ఏర్పాట్లు ఉన్నాయి, బోలెడు ఖర్చు. ఖర్చులేని దారి ఇదొకటి. అడిగిందే మళ్ళీ అడిగి, మాట మారిందో లేదో చూడ్డం."

త్రినాధరావు ఆ పత్రాలన్నీ వరసగా మళ్ళీ తిరగేశాడు.

"ఇది నానాజీ గారి మూడు నోళ్ళే కదే."

"అదే మరి. ఉద్యోగం ఇంటర్వ్యూలో, అబద్ధాన్ని ఎలా పట్టుకుంటావని అడిగేరు. నాకు చదివిందేదీ గుర్తుకి రాలేదు. మా నాన్న ఇలా చేస్తాడండీ అని నీ సంగతే చెప్పేను. బోరు వేయించిన హెడ్మాస్టరు కథ కూడా చెప్పేను. నవ్వేరు. ఉద్యోగం ఇచ్చేరు."

ఆ పిల్ల దెప్పడానికి అనలేదు. అలా అని ఉంటే ఆయన తల ఎత్తగలిగేవాడు. తన పిల్లకి అన్నం పెట్టిన పద్ధతిని తనే గోడకి చేరేసి, ఆ పద్ధతి పేరు చెప్పి ఆ పిల్లకే అబద్ధం ఆడాడు. త్రినాధరావు అరచేతుల్లో మొహం పెట్టుకున్నాడు. శ్రీదేవి వీపు మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి కూడా బరువనిపించింది.

"ఇంకో సంగతి చూడు," అంది ఫోను ఆయన ముందు పెట్టి. ఒక్క తల్లి ప్రాణమైనా పోలేదన్న వాక్యం కొత్త పత్రాల్లో కూడా ఒకటి రెండింట్లో ఉంది, ఇంచుమించు అవే మాటలతో. "ఇలాంటి పొగడ్తల్లో ఎక్కడైనా రాసేదే కదా, అలవాటుగా వచ్చేస్తాది. అబద్ధం అలవాటైనదైతే ఈ చిట్కాకి దొరకదు. ఒకే నోరు మూడుసార్లు మాటాడితే మూడు నోళ్ళు అవదు నాన్నా. అలాంటిది మనిషిని అడగాల్సిందే."

మర్నాడు ఆయన గవరపాలెం వెళ్ళాడు. దేముడమ్మ అరుగు మీద కూర్చుని మినప్పప్పులో రాళ్ళు ఏరుతోంది. ఈయన్ని చూసి చేట పక్కన పెట్టి లేచింది. లేవొద్దని బతిమాలి, అరుగు దిగువన నిలబడే చెప్పాడు, ఎవరూ వివరాలు ఇవ్వలేదని, ఫోను రాసిందని, తెలిసీ ఆ నెపం ఆవిడ మీద పడనిచ్చానని.

"మీరు అక్కడే కాదనొచ్చు కదమ్మా? ఎందుకూరుకున్నారు?"

"నా గురించి సెప్పుకోవాలంటే తలుపులమ్మ సావు సెప్పాల. ఆ దండ మెళ్ళో ఏసుకుని దాని సావు ఎలాగ సెప్పను బాబూ?" అంది. కాసేపటికి, "ఆ గుంట ఫోను ఎత్తట్లేదు," అంది. చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

త్రినాధరావు అరుగు అంచు మీద కూర్చున్నాడు. "ఆరోజు ఏటి జరిగిందో చెప్పండమ్మా," అన్నాడు. ఎన్నాళ్ళకో ఆ మాట ఆయన నోట వచ్చింది.

దేముడమ్మ చెప్పింది. చెరకు నరికే రోజులు. తలుపులమ్మకి తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ పుట్టింది, రక్తం కట్టలేదు. వీధిలో చెరకు లోడుతో పోతున్న ట్రాక్టరుని ఆపి, చెరకంతా రోడ్డు మీదే దింపేసి, ట్రక్కులో గడ్డి పరిచి పడుకోబెట్టారు. తల ఈవిడ ఒడిలో, బిడ్డ ఈవిడ చీరచెంగులో. నర్సీపట్నం చేరకుండానే తలుపులమ్మ పోయింది. "తప్పు నాదే బాబూ. నొప్పులు మొదలవగానే పంపెయ్యాల. నా సెయ్యి మీద నాకు పొగరు, ఉంచేసేను."

అక్కణ్ణించి బస్సులో మాకవరపాలెం, ఆటోలో అప్పలరాజు ఊరు. మోకాళ్ళు గోల పెట్టాయి. అప్పలరాజు పశువుల శాల దగ్గర నిలబడి, మంచం కూడా వెయ్యకుండా, ఈయన చెప్పుకున్నదంతా విన్నాడు. తిట్టాడు. ఊళ్ళో పెద్దమనిషివి, నీకు బుద్ధుందా అన్నాడు. త్రినాధరావు పడ్డాడు. అతను తిట్టి అలిసిపోయాక, ఆరోజు సంగతి చెప్పు బాబూ అన్నాడు. గుమ్మంలో ధనశ్రీ వచ్చి నిలబడింది.

చెరకు దింపడం, గడ్డి, ఒడి, చీరచెంగు, అప్పలరాజు నోట కూడా అవే వచ్చాయి. కానీ చివర్లో అతను ఇంకో మాట కలిపాడు.

"ఆవిడ తెల్లారగట్లే పంపెయ్యమన్నాది. కబురెట్టింది. నేను సెరుకు బండితో పంచదార ఫేట్రీ కాడ లైన్లో ఉన్నాను. బండి ఇడిసిపెడితే వరస పోతాదని రాలేదు. నేనొచ్చీసరికి ట్రక్కులో గడ్డి పరుత్తన్నారు. ఆవిణ్ని తిట్టినన్నాళ్ళూ నాకు తెలుసు. నాదే తప్పు." ధనశ్రీ వైపు చూడలేకపోయాడు. "ఈ గుంటకి ఎప్పుడూ సెప్పలేదు."

మూడో నోరు పరదేశి, ఆ ట్రాక్టరు తోలినవాడు, గొలుగొండలో ఉంటాడు. మర్నాడు ధనశ్రీయే వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. ఆయనా చెరకు, గడ్డి, ఒడి, చీరచెంగు అన్నాడు. "దగ్గిర దారని కాలవగట్టు మీంచి తోలేను బాబూ. సక్రం దిగబడిపోయింది. రోడ్డంటే ఎల్లుంటే బతికీదేమో. నా సేతుల్లోనే పోయినట్టు," అని తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ధనశ్రీ ఆయన పక్కనే కూర్చుంది.

"మరి తప్పెవరిది మాస్టారూ?" అంది ఊరు దగ్గరపడుతుండగా.

"మూడు నోళ్ళూ కలవలేదమ్మా. ఎవరికి వాళ్ళు నాదే అన్నారు. కలవనిది నేను రాయను."

పిల్ల ముఖం తిప్పుకుని పొలాల వైపు చూసింది. కాసేపటికి ఫోను తీసి, "పెద్దమ్మా, వచ్చే ఆదివారం మా ఇంటికి రా," అంది. అవతల ఏమందో తెలియదు. "నువ్వు రా, సెప్తాను," అని పెట్టేసింది.

ఆ ఆదివారం అప్పలరాజు వాకిట్లో సింహాసనం కుర్చీ లేదు, శాలువా లేదు. దేముడమ్మ గుమ్మం దాకా వచ్చి వీధిలోనే ఆగిపోయింది, పాత రోజుల్లో ఆగినట్టే. శ్రీదేవి విశాఖ నుంచి వచ్చింది. పరదేశి వచ్చాడు. సన్మానం చేసిన నర్సులూ, చప్పట్లు కొట్టించిన సభాధ్యక్షుడూ వచ్చారు. త్రినాధరావు తనే పోయి వాళ్ళందరినీ పిలిచాడు. ఎవరెవరి ముందు ఆ మాట అన్నాడో వాళ్ళ ముందే చదవాలి కదా. కాయితం ఆయన చేత్తో రాసింది.

మొదటి వాక్యం చదవడానికే ఆయనకి చాలాసేపు పట్టింది. "ఇంతకు ముందు చదివిన పత్రం త్రినాధరావు అనే నేను ఎవరినీ అడగకుండా ఫోను చేత రాయించినది. దేముడమ్మ గారు నాకు ఏ వివరమూ ఇవ్వలేదు. ఇచ్చారన్నట్టు సభలో నేను ఆడినది అబద్ధం." సభాధ్యక్షుడు దగ్గాడు. వెనకాల ఎవరో గుసగుసలాడారు. నలభై ఏళ్ళ పేరు ఆ వాకిట్లో అలా పోతూ ఉంటే త్రినాధరావుకి చెవులు వేడెక్కాయి. కూతురి వైపు చూడాలనిపించింది, చూడలేకపోయాడు. మిగతాది తొందరగా చదివేశాడు. చెరకు దింపిన సంగతి. గడ్డి పరిచిన సంగతి. ఆ తర్వాత, "తలుపులమ్మ తల దేముడమ్మ ఒడిలో ఉంది. తలుపులమ్మ బతకలేదు. ఆమె బిడ్డ దేముడమ్మ చీరచెంగులో బతికింది." పత్రం అంతే. అందులో ఒక్క బిరుదూ లేదు.

అప్పలరాజు దేముడమ్మ వైపు అడుగు వేసి, మధ్యలో ఆగి, "లోనికి రా అప్పా," అన్నాడు. అప్ప అని, సొంత అక్కని పిలిచినట్టు, ఆ ఇంట్లో ఆవిణ్ని పిలవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. "కబురెట్టేవు. నేనే రాలేదు."

దేముడమ్మ లోనికి రాలేదు ఇంకా. గుమ్మం పట్టుకుని, "ఆ పేరు ఉన్నకాడ ఓపాలి మళ్ళీ సదవండి మాస్టారూ," అంది.

త్రినాధరావు కాయితం ఎత్తాడు. గొంతు పెగల్లేదు. ఊళ్ళో ఎన్ని మైకుల్లోనో మోగిన గొంతు. ధనశ్రీ వచ్చి ఆయన చేతిలోంచి కాయితం తీసుకుని, వాళ్ళమ్మ పేరు ఉన్నచోటు వేలితో వెతుక్కుని, అక్కణ్ణించి తనే చదివింది.